అడగకుండా ఆపిన క్వెరీ

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల వెనక సందులో ఉంది ఆ బ్లడ్ బ్యాంకు. ఆదివారం మధ్యాహ్నం, ఏసీ మోత తప్ప అలికిడి లేదు. కంప్యూటర్ల బాధ్యత అమలది. కంప్యూటర్‌కు ఒకరిచ్చిన ఆదేశం, క్వెరీ, ఒక రక్తపు సంచి వివరాన్ని పట్టుకుని ఇరుక్కుపోతే, వెనకవాళ్ల పనంతా ఆగిపోతుంది. అప్పుడు దాన్ని చంపేయాలి, అంటే మధ్యలోనే ఆపేయాలి. కానీ చంపే ముందు అది ఎవరిదో వాళ్లకు ఫోన్ చేసి అడగాలి. అక్కడి కట్టుబాటు అది.

నెల కిందట అమల అడగలేదు. కౌంటర్లో పనిచేసే రాములమ్మ ఆసుపత్రిలో ఉన్న తన కూతురు ప్రసన్న కోసం ఓ-నెగటివ్ రక్తపు సంచి రాసుకుంటుంటే క్వెరీ ఇరుక్కుంది. వెనక నలభై మంది ఆగారు. అమల ఒక్క నొక్కు నొక్కింది. సంచి మరొకరికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే ప్రసన్న పోయింది. పది రోజులకు బెంగతో రాములమ్మా పోయింది.

"ఒక్క ఫోన్ జేస్తే ఏం బోయేదమ్మా?" పోయే ముందు ఆమె అడిగింది ఆ ఒక్కమాటే.

ఇవాళ ఎల్బీనగర్ ఆసుపత్రిలో ఉన్నది అమల కొడుకు చంటి. బస్సు గుద్దింది. వాడి రక్తమూ ఓ-నెగటివే.

"ఒక్క సంచే ఉందండీ, వాడి పేర రాసేస్తున్నా," అని భర్తకు ఫోన్‌లో చెప్పి ఎంటర్ కొట్టింది.

తెర కదల్లేదు. సంచిని ఎవరో పట్టుకున్నారు. ఎవరు? నడుస్తున్న క్వెరీల జాబితా తెరిచింది.

రాములమ్మ.

ఆ లాగిన్ తీసేసి రెండు వారాలైంది. తీసింది తనే.

"రామ రామ..." ఆ క్వెరీని చంపేసింది. మళ్లీ వచ్చింది. చంపింది. వచ్చింది. స్పిరిట్ వాసన మీదుగా జిందా తిలిస్మాత్ మందు ఘాటు... రాములమ్మ రోజూ కణతలకు రాసుకునేది.

టేబుల్ మీది ఫోన్ మోగింది.

"అమల మేడం..." మెత్తని గొంతు. "మీ క్వెరీ మాకడ్డమొస్తున్నది. ఆపాల్నా?"

"వద్దు! రాములమ్మా, నీకు దణ్ణం పెడతా... పసివాడు..."

"నా బిడ్డ పసిది గాదా? నేనైతే అడిగే ఆపుతున్న. మీ లెక్క గాదు."

తెర మీద అమల క్వెరీ ఆగిపోయింది.

అమల ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. కింది అరలో ఒక్కటే సంచి. దాని మీద రాములమ్మ గుండ్రటి చేతిరాత... ప్రసన్న. ఇవాళ్టి తేదీ.

రెండు చేతులా ఎత్తుకుంది. సెల్ మోగింది. భర్త.

"అమలా... వాడి ఒళ్లు చల్లబడిపోతోంది. ఎందుకో డాక్టర్లకే తెలీడం లేదు..."

అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన సంచి, ఆమె చేతుల్లో వెచ్చగా ఉంది.