లోపలి గది తలుపు

కొనేవాళ్లు సాయంత్రం ఆరింటికి వస్తారని బ్రోకరు కబురు చేశాడు. చిన్నకోడలు పొద్దుటి నుంచీ నడుం వాల్చలేదు. మాసిన కర్టెన్లు పీకి పారేసింది. నేలంతా ఫినాయిల్‌తో కడిగింది. పోయిన అత్తగారి మందుసీసాలన్నీ సంచిలో కట్టి బయట పడేసింది. పాత ఇల్లు పెళ్లికూతురిలా కనబడాలి మరి! ఇది అమ్ముడైతే చాలు, ఇక్కణ్ణుంచి బయటపడచ్చు. ఆమెకి కావలసింది అంతే.

లోపలి గది తలుపుకి రంగు వేస్తున్న ముసలి పెయింటరు చెయ్యి ఆపాడు.

"కుక్కని ఈ గదిలో పెట్టి గొళ్లెం వేసేవారామ్మా?"

"ఏం?"

"లోపలివైపు, అడుగున చూడండి. అన్నీ గీతలే. పాపం, ఎంత గీరిందో!"

ఆమె వంగి చూడలేదు. "ఆ... కుక్కే. లప్పం పెట్టి పూడ్చెయ్ తాతా."

ఆ ఇంట్లో ఏనాడూ కుక్క లేదు.

అత్తగారు మంచం దిగలేని మనిషి. ఆ రోజు "ఒక్క గంటలో వచ్చేస్తా అత్తయ్యా" అని బయట గొళ్లెం పెట్టి, చిన్నకోడలు స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. కబుర్లలో పడి పొద్దుపోయాక తిరిగొచ్చింది. తోస్తే తలుపు సగమే తెరుచుకుంది. అడ్డంగా పడి ఉంది ముసలామె. ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, వేళ్లు తుడిచి, దుప్పటి కప్పింది. నిద్దట్లోనే పోయారని భర్తకి చెప్పింది. అతను నమ్మాడు.

అయిదింటికి పెయింటరు వెళ్లిపోయాడు. మబ్బు పట్టి గదులన్నీ మసకబారాయి. మంచం మీద కొత్త దుప్పటి పరుద్దామని ఆమె లోపలి గదిలోకి వెళ్లింది. పచ్చి రంగు వాసన, ఫినాయిల్ వాసన... వాటి అడుగున ఎక్కడో, అత్తగారి కాళ్లకి రాసే మందునూనె వాసన.

వెనక తలుపు మూసుకుంది.

గొళ్లెం పడింది. బయట.

"తాతా... నువ్వేనా?"

నేల మీద ఏదో బరువుగా ఈడ్చుకుంటూ వస్తోంది. ఆగింది. మళ్లీ ఈడ్చుకుంది. తలుపు అడుగు సందులోంచి గుసగుస...

"ఒక్క గంటలో... వచ్చేస్తానమ్మా..."

ఆమె తలుపు బాదింది. అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది.

ఏడింటికి భర్త వచ్చి గొళ్లెం తీశాడు. ఆమె గడపకి అడ్డంగా పడి ఉంది.

"ఎవరు పెట్టారే గొళ్లెం? వాళ్లు రాలేదా?"

"ఎవరూ... రాలేదు."

అంతలో అతని ఫోను మోగింది. బ్రోకరు. హుషారుగా ఉన్నాడు.

"ఇల్లు తెగ నచ్చేసింది సార్ వాళ్లకి! మీ అమ్మగారే దగ్గరుండి అంతా చూపించారు. లోపలి గది మాత్రం తియ్యనివ్వలేదు. కోడలు పడుకుంది, లేపకండి అన్నారు."

భర్త ఫోను స్పీకర్లో పెట్టాడు.

"అన్నట్టు సార్, అమ్మగారు ఇంకోటి అడగమన్నారు. మనం కొత్తింటికి మారేది ఎప్పుడో, కోడల్ని కనుక్కుని చెప్పమన్నారు."