పావు పెట్టాల్సిన చోట అర

"మీ ఫార్ములా తప్పండి," అన్నాడు శ్రీనాథ్.

సెమినార్ హాల్లో ముప్పై మంది ఉన్నారు. అన్నవాడు డిపార్ట్‌మెంట్‌కి కొత్తగా వచ్చిన గెస్ట్ లెక్చరర్. అనిపించుకున్నది ఆశ్రిత, మూడేళ్ళుగా గణితంలో స్పెషల్ ఫంక్షన్ల మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఉయ్యాల బాగా ఎత్తుకి ఊగితే ఒక్కో ఊపుకి ఎంతసేపు పడుతుందో మామూలు లెక్కకి అందదు. దానికి ఎలిప్టిక్ ఇంటెగ్రల్ కావాలి. దాన్ని త్వరగా లెక్కగట్టే కొత్త ఫార్ములా ఒకటి ఆమె కనిపెట్టి, చేత్తో రుజువు రాసింది.

తెరమీద రెండు అంకెలు. ఆమెది 1.686. కంప్యూటర్‌ది 1.854.

"రుజువులో ఏ లైను తప్పు?"

"లైను తెలీదండి. ఆన్సర్ మాత్రం కలవట్లేదు."

గైడు చంద్రశేఖరం గారు కళ్ళజోడు తీసేశారు. "కంప్యూటర్‌కి నీ మీద కక్షేముంటుందమ్మా? సోమవారంతో థీసిస్ గడువైపోతుంది. ఇది తేలకుండా నేను సంతకం పెట్టను."

ఆ రుజువు నలభై పేజీలూ ఆయనే రెండుసార్లు చదివి బావుందన్నారు. ఒక్క స్లైడుకి అంతా కొట్టుకుపోయింది.

రెండ్రోజులు ఆశ్రిత తన రుజువులోనే తప్పు వెతుక్కుంది. తనని తనే అనుమానించాల్సి రావడం, అదీ ఒళ్ళు మండించింది. ఆదివారం పొద్దున్న, మూడోసారి అడిగితే, శ్రీనాథ్ తన ప్రోగ్రాం పంపాడు. నాలుగో లైను చూసి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఫోన్ చేయొచ్చు. కానీ ఫోన్లో తిడితే సగమే తిట్టినట్టు. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో శ్రీనాథ్ వాళ్ళ ఊరు కళింగపట్నం వెళ్ళే బస్సెక్కింది.

దిగేసరికి వాన. అరుగు మీద చోళ్ళు చెరుగుతున్న శ్రీనాథ్ వాళ్ళమ్మ జగదీశ్వరి తలెత్తింది. "ఎవురమ్మా?"

"మీ అబ్బాయితో పనండి."

"ఏటి పని?"

"తిట్టాల."

"అలాగా. ముందు లోనికి రా, తడిసిపోతన్నావు. తల తుడుసుకొని తిట్టు."

శ్రీనాథ్ లుంగీలోనే బయటికొచ్చి బిగుసుకుపోయాడు. 'మీరు' అనడం ఆశ్రిత బస్సులోనే మర్చిపోయింది. ఫోన్లో అతని ప్రోగ్రాం తెరిచి చూపించింది.

"ఈ లైను సూడు. ఇది ఏటి అడుగుతాది? సంఖ్యనా, దాని స్క్వేర్‌నా?"

చూశాడు. మొహంలో రంగు పోయింది. "స్క్వేర్..."

"మన సంఖ్య అర. దాని స్క్వేర్ ఎంత?"

"పావు."

"నువ్వేటి పెట్టినావు?"

"అర."

ఈ ఫంక్షన్లతో కొత్తగా పని మొదలెట్టిన వాళ్ళందరూ ఒకసారి పడే గొయ్యే అది. కానీ అందులో పడి, పైనున్న వాళ్ళని చూపించి పడిపోయారని కేకలెయ్యరు ఎవరూ.

"అంటే," అంది జగదీశ్వరి చేట ఆపి, "పావు ఉప్పు ఎయ్యాల్సిన కాడ ఈడు అర ఏసీసి, కూర పాడుసేసినావని నిన్నన్నాడా?"

"ముప్పై మంది ముందరండి!"

"ఒరే సీనూ!"

"సారీ," అన్నాడు శ్రీనాథ్.

"తప్పని హాల్లో అన్నావు. సారీ అరుగు మీద సెప్తావేటి?" అంది ఆశ్రిత.

"రేపు పొద్దున్నే అందరి ముందరా సెప్తాను."

"అసలు ముందు నన్నెందుకు అడగలేదు? పక్క రూమే కదా!"

అతను వానలోకి చూశాడు. "రెండు నెల్లుగా నీతో మాటాడాలని సూస్తన్నాను. ధైర్యం సాల్లేదు. నీ రుజువు మూడుసార్లు సదివినాను, అందంగా ఉన్నాది. సెమినార్లో నిలబడితే ఏదో ఒకటి మాటాడొచ్చనుకున్నాను."

"దానికి నా థీసిస్సే దొరికిందా? వాన గురించి మాటాడొచ్చు కదా!"

జగదీశ్వరి చేట మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

సోమవారం పదింటికి అదే హాల్లో శ్రీనాథ్ అదే స్లైడు వేశాడు. ఈసారి రెండంకెలూ 1.686. "తప్పు నాది. మూడేళ్ళ పనిని మూడు నిమిషాల్లో తీసిపారేశాను," అన్నాడు.

చంద్రశేఖరం గారు సంతకం పెట్టి, "నేనూ తొందరపడ్డానమ్మా," అన్నారు.

"అవునండీ," అంది ఆశ్రిత. ఫర్వాలేదండీ అనలేదు.

థీసిస్ ఇచ్చేసి వస్తుంటే వరండాలో శ్రీనాథ్ నిలబడి ఉన్నాడు. "కోపం పోనాదా?"

"లేదు."

బ్యాగులోంచి పన్నెండు కాగితాలు తీసి అతని చేతిలో పెట్టింది. "రెండో పేపరు. ఇంకెవరికీ సూపించలేదు. తప్పుంటే నాకు సెప్పు. నాకొక్కర్తికే."

"తప్పు లేకపోతే?"

ఆశ్రిత కోపంగానే చూసింది, కానీ చూపు తిప్పుకోవడం మర్చిపోయింది.

"అప్పుడూ వచ్చి సెప్పు."