నోరు మెదపని నేలపలుకు

2068 నాటికి అనంతపురం మెట్టపొలాల్లో కార్తెలు చూసి విత్తేవాళ్లు లేరు. వానలు దారి తప్పాయి; ఒక చేను తడిస్తే పక్కది ఎండే ఉంటుంది. అందుకే చేనుకొకటి చొప్పున గట్టు మీద ‘నేలపలుకు’ నిలబెట్టారు. దాని తేమగ్రాహులు, అంటే సెన్సర్లు, మట్టిలో విత్తడానికి చాలినంత తడి, అదే పదును, ఉందో లేదో చూస్తాయి. ఉపగ్రహాలు రాబోయే వాన సంగతి చెబుతాయి. రెండూ కుదిరిన పూట ‘విత్తండి’ అనడమే దాని పని.

ఆ మాట కోసం ఓబుళమ్మ రెండేళ్లుగా కాచుకుని ఉంది. ఇంట్లో మిగిలింది కుండెడు విత్తనపు కొర్రలు. ఇప్పుడూ విత్తకపోతే పిల్లల ఆకలికి అవీ పొయ్యెక్కుతాయి. పోనీ సొంతంగా విత్తుదామంటే, యంత్రమో శాస్త్రవేత్తో చెప్పనిదే విత్తినవాళ్లకు పంట పోయినప్పుడు కరువు బియ్యం ఇవ్వరు.

నిన్న మంచి వాన పడింది. పిడికిట పడితే మట్టి ముద్దవుతోంది. యంత్రం మాత్రం ఇంకా ఆగమంటోంది. పక్క చేలో రామాంజి యంత్రానిదీ అదే పాట. ఓబుళమ్మకు ఒళ్లు మండి కబురు పెడితే, దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త మైథిలి జీపులో వచ్చింది.

యంత్రాన్ని విప్పి చూసి మైథిలి తల పట్టుకుంది. అది విత్తమన్నాక వాన రాకపోతే రైతులు తిట్టారు, అధికారులు దానికి తప్పు మార్కు వేశారు. ఊరుకున్నందుకు వాన వృథా అయితే ఎవరూ ఏమీ అనలేదు. పక్క చేలో ఎవరైనా ముందే విత్తి ఉంటే తిట్లన్నీ వాళ్లకే పోయాయి. నోరు మూసుకుంటే తప్పు రాదని అది నేర్చుకుంది.

“దాన్ని ఇడిసిపెట్టు. పదునుందా?” అంది ఓబుళమ్మ.

“ఉంది.”

“వానొస్తాదా?”

“వచ్చే అవకాశమే ఎక్కువ.”

“అట్లయితే ఇత్తమని నువ్వు చెప్పు తల్లీ. నీ మాటున్నా బియ్యమిస్తారు.”

మైథిలి మబ్బులకేసి చూసింది. పై అధికారిని ఒక్క మాట అడుగుతానని ఫోను పట్టుకుని జీపు వైపు నడిచింది. ఎండ ఎక్కుతోంది, తడి ఆరిపోతోంది. ఓబుళమ్మ చాలాసేపు చూసి, కోపంతో కళ్లు తుడుచుకుని, కొర్రలన్నీ విత్తే బ్యాటరీ గొర్రులో పోసి చేలోకి దించింది.

రెండు సాళ్లు పడ్డాయో లేదో, రామాంజి గట్టు మీది యంత్రం తన కెమెరాను ఆమె గొర్రు వైపు తిప్పి ‘విత్తండి’ అంది. దాని అవతలిదీ అంది. ఆ వరసలో చేలన్నీ పలికాయి, ఓబుళమ్మది తప్ప.

మైథిలి సంబరంగా పరుగెత్తుకొచ్చింది. “అవ్వా, యంత్రాలు మాట్లాడుతున్నాయి!”

ఓబుళమ్మ గొర్రు ఆపలేదు.

“మాట్లాడవా మరి. పంట పోతే ఎవుర్ని అనాల్నో ఇప్పుడు తెలిసింది గదా.”