మూడు అరల పరుపు

పదకొండింటికి రెంటచింతలలో పడకగంట మోగింది. బజారులో అంగళ్ళ తలుపులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. బడి వదిలిన పిల్లలు నెత్తిన తడిగుడ్డలు కప్పుకుని ఇళ్ళకు పరిగెత్తారు. ఇంకో పావుగంట పోతే వీధిలో కుక్క కూడా కనపడదు. ఎండ యాభై డిగ్రీలు దాటే వేళకి ఊరు ఊరంతా శీతపలకల మీద వెల్లకిలా పడుకుని ఉండాలి. మళ్ళీ లేపుడుగంట మోగేది సాయంత్రం అయిదింటికే. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి. పొలం పనులైనా, కచేరీ పనులైనా తెల్లవారుజామునో, పొద్దు గూకాకో చేసుకోవాల్సిందే.

శీతపలకంటే మనిషి పొడవున ఉండే రాతిబల్ల లాంటిది. దాని కడుపులో సన్నటి గొట్టాలుంటాయి. భూమి లోతున చల్లబడ్డ నీళ్ళు శీతవాహిని అనే పెద్ద గొట్టంలో వీధి పొడవునా వచ్చి, ఇంటింటి పలకలోనూ తిరిగి, ఒంటి వేడిని లాక్కుని వెనక్కి పోతాయి. ఏ వీధికి ఎంత చల్లదనం పోవాలో ‘సమపాళి’ అనే యంత్రం చూసుకుంటుంది. అది వచ్చాక జనం వడదెబ్బ అన్న మాటే మరిచిపోయారు.

యల్లమందది ఆ శీతవాహిని మీదే ఉద్యోగం. తానుండే మూడో వీధి వాల్వులన్నీ అతని చేతిలో ఉండేవి.

పలకతో ఒకటే చిక్కు. దాన్ని తయారు చేసినవాళ్ళు మనుషులందరూ వెల్లకిలానే పడుకుంటారనుకున్నారు. యల్లమంద భార్య కోటిరత్నానికి అప్పుడు ఏడో నెల. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఎడమ పక్కకి తిరిగి పడుకోమని నర్సమ్మ గట్టిగా చెప్పింది. అలా తిరిగితే భుజమూ తుంటీ ఆ రాతికి ఒత్తుకుని నల్లగా కమిలిపోయాయి.

"కూర్చుందామంటే వేడి, పడుకుందామంటే నొప్పి. ఆరు గంటలు ఎట్టా గడపనయ్యా?" అని ఒకరోజు ఏడ్చేసింది.

పాత బొంతలు రెండు మడిచి వేశాడు. మెత్తగానే ఉంది కానీ పలక చల్లదనం పైకి రాలేదు. గంటకల్లా ఆమె జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది.

మర్నాడు తెల్లవారుజామున భార్యను వెంటబెట్టుకుని వీధి చివరింటికి వెళ్ళాడు. అక్కడ దస్తగిరమ్మ ఒక్కతే ఉంటుంది. దూదేకుల వాళ్ళు. ఆమె తాతలు ఊళ్ళకు ఊళ్ళు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టినవాళ్ళు. పలకలొచ్చాక పరుపులతో ఎవరికీ పని లేకపోయింది. ఆమె మిషను మీద జాకెట్లు, దిండు గలేబులు కుట్టుకుని బతికేది.

"పక్కకి పడుకునే మనిషికి అంతా ఒకే మందాన కుడితే పనికిరాదురా. భుజం లోపలికి దిగాలి, నడుముని ఎత్తి పట్టాలి, తుంటి మళ్ళీ దిగాలి. మూడు అరలుగా కుట్టాలి," అంది దస్తగిరమ్మ.

పెరట్లో ఇసక తడిపి, కోటిరత్నాన్ని దాని మీద ఎడమ పక్కకి పడుకోబెట్టింది. లేచాక భుజం పడ్డ గుంటని, తుంటి పడ్డ గుంటని జానతో కొలుచుకుంది. తన ట్రంకుపెట్టె తీసి, అడుగున దాచుకున్న బూరుగు దూదంతా బయట పెట్టింది. ఖరీదెంతని అడిగితే కసిరింది. నాలుగు రోజుల్లో పరుపు కుట్టి ఇచ్చింది. భుజానికీ తుంటికీ దూది వదులుగా, నడుము అరలో బిగువుగా దట్టించింది.

ఇక చల్లదనం సంగతి యల్లమంద చూసుకున్నాడు. పాడై పారేసిన పలకల్లోంచి మెత్తటి గొట్టాలు లాగి, పరుపు పైన వంకీలు వంకీలుగా పరిచి, పల్చటి మల్లుగుడ్డ కప్పి కుట్టాడు. రెండు కొసలూ శీతవాహినికి తగిలించాడు. గొట్టం పొడుగయ్యేసరికి నీళ్ళు చాల్లేదు. తన ఇంటి వాల్వు పావు తిప్పు ఉండాల్సింది, సగానికి తిప్పాడు.

సమపాళికి వీధి మొత్తం లెక్కే తెలుసు. లోపల ఏ ఇల్లు ఎక్కువ తీసుకుందో దానికి పట్టదు. మధ్యలో ఒకరు ఎక్కువ లాగితే తగ్గేది చివరింటికి. ఆ ఇల్లు ఎవరిదో యల్లమందకి తెలుసు. తెలిసే తిప్పాడు.

ఆ రోజు కోటిరత్నం పడకగంటకి కళ్ళు మూసింది, లేపుడుగంటకి తెరిచింది. మధ్యలో ఒక్కసారి కూడా మూలగలేదు. అతను పక్క పలక మీద పడుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. మూడు నెలల తర్వాత ఆ మొహంలో కళ కనిపించింది.

పదో రోజు సాయంత్రం వీధిలో దస్తగిరమ్మ ఎదురుపడింది.

"ఈ మధ్య నా పలక చల్లగా అనిపించటం లేదబ్బాయ్. వయసు మీద పడిందేమో."

"చూస్తాలే పెద్దమ్మా."

చూశాడు కూడా. ఇరవై ఆరు డిగ్రీలు ఉండాల్సిన పలక ముప్పై ఒకటి చూపించింది. కొలత పరికరం జేబులో పెట్టుకుని, "బాగానే ఉంది పెద్దమ్మా," అన్నాడు. ఇంటికొచ్చి వాల్వు మీద చెయ్యి వేశాడు. లోపల కోటిరత్నం ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఇంకో నెలన్నర ఆగితే కాన్పయిపోతుంది, అప్పుడు తగ్గించేద్దామనుకున్నాడు. వాల్వు మీది చెయ్యి తీసేశాడు.

పంతొమ్మిదో రోజు లేపుడుగంట మోగినా చివరింటి తలుపు తెరుచుకోలేదు. ఆ సంగతి ఎవరో అంటుండగానే యల్లమంద పరిగెత్తాడు. తలుపు గడియ ఊడేదాకా తన్నాడు. దస్తగిరమ్మ పలక మీద పడి ఉంది. ఒళ్ళు నిప్పులా కాలుతోంది, చుక్క చెమట లేదు. ఎవరెవరినో పేరు పెట్టి పిలుస్తోంది. ఆమె మీద బిందెలకు బిందెల నీళ్ళు గుమ్మరించి, వీధివాళ్ళ సాయంతో ఆసుపత్రికి మోసుకెళ్ళాడు.

ప్రాణం దక్కింది. కుడి చేతి వేళ్ళు మాత్రం వణకటం మొదలుపెట్టాయి. సూది పట్టుకుంటే జారిపోతోంది.

"మీ వీధికి చల్లదనం సరిగ్గానే అందిందని లెక్క చూపిస్తోంది. ఈ వయసులో ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు," అన్నాడు డాక్టరు.

యల్లమంద ఆ పూటే వాల్వు తగ్గించాడు. మర్నాడు కచేరీకి వెళ్ళి, పై అధికారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. ఆయన తెర మీద మూడో వీధి లెక్క తీశాడు.

"ఇరవై రోజుల్లో ఒక్క డిగ్రీ తేడా లేదు. నీ మీద ఏమని రాయమంటావు? ఈ లెక్కలో నువ్వు చెప్పేదానికి గడే లేదు. పోయి పని చూసుకో."

"శిక్ష వెయ్యండి సార్."

"వేసేది నేను కాదయ్యా, సమపాళి. అది నిన్ను తప్పుపట్టటం లేదు," అని ఆయన ఇంకో ఫైలు తీశాడు.

ఇంటికి వచ్చి భార్యకి చెప్పాడు. ఆమె కత్తెర తెచ్చి, పైన గొట్టాల మీది కుట్లన్నీ తెంపి, వాటిని లాగి పక్కన పడేసింది.

"మెత్తగా ఉంటే చాలన్నాను గానీ, ఇంకొకరి చల్లదనం తెచ్చిపెట్టమన్నానా? ఉక్కపోస్తే తడిగుడ్డ కప్పుకునేదాన్ని," అంది. కాన్పయ్యేదాకా అలాగే పడుకుంది. గంటకోసారి గుడ్డ తడిపి ఇచ్చేవాడు యల్లమంద.

దస్తగిరమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక మూడో రోజు ఆమె దగ్గరికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. మిషను మీద దుప్పటి కప్పేసి ఉంది.

"రారా. నీ పెళ్ళాం ఎట్టా ఉంది?" అంది. అతను తన చేతికేసే చూస్తున్నాడని గమనించి నవ్వింది. "ఏముంది, వయసు. ఇన్నేళ్ళు కుట్టిన చెయ్యి ఇక చాలంది. నేనూ సరేనన్నాను."

యల్లమంద నిలబడే అంతా చెప్పాడు. వాల్వు సంగతి చెప్పాడు, సమపాళి సంగతి చెప్పాడు. అయిపోయాక ఆమె అడిగింది.

"పలక చల్లగా లేదని నీతో అన్నాను. ఆ రోజుకి నీకు తెలుసా?"

"తెలుసు పెద్దమ్మా."

"పరికరం పెట్టి చూశావు గదా. ఎంత చూపించింది?"

"ముప్పై ఒకటి."

"బాగానే ఉందన్నావు."

"అన్నాను."

దస్తగిరమ్మ ఎడమ చేత్తో కుడి చేతిని ఒళ్ళోకి తీసుకుంది. "ఎందుకు చెప్పావురా నాకు?"

అతను గుమ్మం ముందు నేల మీద కూర్చున్నాడు.

"వయసనుకుని సర్దుకున్నాను. వయసు మీద ఎవరికన్నా కోపం వస్తుందా? హాయిగా ఉన్నాను. ఇక నుంచి పొద్దున్నే ఈ చెయ్యి వణికినప్పుడల్లా నీ మొహమే కనపడుద్ది. నీకు బరువుగా ఉందని ఇక్కడికొచ్చి దించుకున్నావు. నేనెక్కడ దించుకోను?"

"నన్నేం చెయ్యమంటావో చెప్పు పెద్దమ్మా. చేస్తాను."

"ఏమీ చెయ్యొద్దు. రేపు రావద్దు, ఎల్లుండి కూడా రావద్దు. నిన్ను చూడాలనిపించిన రోజున నేనే కబురు పెడతాను."

కోటిరత్నానికి ఆడపిల్ల పుట్టింది. పాలు మరిచింది, అడుగులు వేయటం నేర్చింది. మూడో వీధి చివరి వాల్వు చూడటానికి యల్లమంద ఇంకో ఉద్యోగిని పంపిస్తాడు. అతను రాగానే పలక ఎంత చూపించిందో అడుగుతాడు, రెండుసార్లు అడుగుతాడు.

రోజూ లేపుడుగంట అయ్యాక కోటిరత్నం పిల్లనెత్తుకుని చివరింటికి వెళుతుంది. సగం వీధి దాకా అతనూ వెంట నడిచి, అక్కడే ఎవరి అరుగు మీదో కూర్చుంటాడు. చీకటి పడే వేళకి ఆమె తిరిగొస్తుంది.

"ఏమంది?" అని అడుగుతాడు.

"పిల్ల గురించే మాట్లాడింది. జుట్టు ఒత్తుగా వస్తోందంట."

"నాకేమన్నా కబురు పెట్టిందా?"

కోటిరత్నం పిల్లని అతని చేతుల్లో పెట్టి, ముందుకు నడుస్తుంది.