గోదారి దాటని గడప

"ఊరంత మునిగిన వరదల ఈ ఇల్లొక్కటే ఎందుకు మునగలేదే బిడ్డా? నాకు మనసున పడ్తలేదు…"

పొద్దుటి నుంచి హేమ్లి ఆ మాట ఎన్నిసార్లందో! ఆషాఢ అమావాస్య… మిట్టమధ్యాహ్నం… బూర్గంపాడు శివారున కారుమేఘాలు కమ్మి పట్టపగలే కాళరాత్రిని తలపిస్తోంది. అడవి వైపు గుడ్లగూబ ఒకటి వికృతంగా కూసింది… పగటిపూట!

"మునిగితే ఏడుస్తవ్, మునగకుంటే గూడ ఏడుస్తవ్. నీతోని ఎట్ల యాడీ!" కూతురు కళ్యాణి నవ్వింది. తండాలో పుట్టి టీచరైన పిల్ల, అమ్మను ఇప్పటికీ 'యాడీ' అనే పిలుస్తుంది. "నీ పోరు పడలేకనే గద, ఇల్లు కొననీకి బయానా ఇయ్యకముందే ఖమ్మం నుంచి ఇంజినీరును పిలిపించిన. ఇల్లంత ఆయన చూస్తడు. మళ్ల ఆ గోదారి నీళ్ల డబ్బా ఎందుకు?"

"ఉండనీ. నీకు దిష్టి గిట్ల తగిల్తే చల్లనీకి."

ఇల్లమ్మే కోటిలింగం వాకిట్లో నిలబడ్డాడు. నుదుట రక్తవర్ణపు రేఖ… రెప్పవాలని కళ్లు! "చూడనియ్యిండ్రి. గోదారి చుక్క ఈ గడప దాటలే. దాటదు గూడ!"

ఇంజినీరు రాజేష్ సుత్తితో గోడలు తట్టి చూశాడు. పగుళ్లు లేవు, చెమ్మ లేదు. గడపరాయి మీద కొట్టాడు… డొల్లమోత! మళ్లీ గట్టిగా కొట్టాడు. రాయి సన్నగా నెర్రెబారింది. మరుక్షణం…

రాయి కింది నుంచి ఎవరో తిరిగి కొట్టారు!

"కింద… కింద ఖాళీ ఉందమ్మా," రాజేష్ సుత్తి వదిలేసి వెనక్కి జరిగాడు. "నీళ్లు పోసి ఎటు పోతయో చూడాలె."

"లోపల్నుంచి బకెట్ తెస్త," అంటూ కళ్యాణి గడప దాటింది.

అంతే! ఫెళఫెళారావంతో పిడుగు పడింది. కళ్యాణి కెవ్వున అరిచి నేలకూలింది… కనుగుడ్లు తెల్లబడ్డాయి… జుట్టు సర్పాలై లేచింది! ఆమె నోట మగగొంతు గర్జించింది.

"హేమ్లీ…! నీ బిడ్డ ఇగ నాది!"

కోటిలింగం వికటాట్టహాసం చేశాడు. "ఈ రాయి కింద నేను పాతిన కపాలమే వరదను ఆపింది! దానికి ఆడబలి కావాలె. తనంత తానే గడప దాటాలె… దాటింది!" భీకర మంత్రోచ్చారణ మొదలైంది. అడ్డం రాబోయిన రాజేష్‌ను అదృశ్యహస్తమేదో వాకిట్లోకి విసిరికొట్టింది.

హేమ్లి గుండె చెరువైంది. ఇంజినీరుకు చూపియ్యమన్నది తనే… పిల్లను ఈ గడప కాడికి తెచ్చింది తనే! ఆమెకు మంత్రం రాదు, తంత్రం రాదు. చేతిలో డబ్బా ఉంది. రాజేష్ అన్న మాట చెవిలో గింగురుమంది… నీళ్లు పోసి చూడాలె!

"తల్లీ గోదారీ… నా పిల్ల!"

డబ్బా వంచేసింది. నీళ్లు రాయిని తాకలేక భయంతో వెనక్కి, ఎగువకు పాకాయి… "నీళ్లు పొయ్యొద్దు!" కోటిలింగం ఆర్తనాదం! ఒక్క పాయ మాత్రం సుత్తిదెబ్బ నెర్రెను వెతుక్కుని లోపలికి జారింది.

పాతాళం నుంచి మహానది హోరు! గడప రెండుగా చీలింది… కపాలం భళ్లున పగిలింది! ఇన్నేళ్లు ఆపిన వరదగీత తెల్లగోడ మీద బురదరంగున నిలువెత్తు పైకి పాకింది. కోటిలింగం తన గొంతు తానే పట్టుకున్నాడు… నోట, ముక్కున ఎర్రనీళ్లు ఉబికాయి… పొడినేల మీద నిలబడే మునిగిపోయాడు!

నది హోరు ఆగింది.

కళ్యాణి కట్టెలా పడి ఉంది. తల ఒళ్లోకి తీసుకుంది హేమ్లి. "బిడ్డా… ఓ కళ్యాణీ…" చినుకులు మొదలయ్యాయి. రాజేష్ కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "ఇల్లొద్దు, ఏమొద్దు… ఒక్కసారి పలుకవే…" వాన పెరిగింది… తగ్గింది… చూరు నీళ్లు చివరి బొట్టుదాకా కారాయి.

ఎండిన పెదాలు కదిలాయి.

"యాడీ… దూపైతాంది. ఆ డబ్బల నీళ్లింకేమన్న మిగిలినయా?"