ఆపరేటరు అతికించిన ముగింపు

ఆదివారం పొద్దున్నే ఒక పిల్లల సినిమా గురించి ఇల్లు ఇల్లంతా తగలబడినంత పనయిందంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి, జరిగింది మాత్రం అదే. టీచరమ్మ సోఫా మీది బట్టల కుప్ప తీసి కుర్చీలో పడేసి, టీవీ ముందు దుప్పటి పరిచింది. ఆవిడ చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ‘మీ పిల్లలకి తప్పక చూపించాల్సిన పాత సినిమాలు’ అని ఆ వారమే ఒక జాబితా రాసి, తల్లిదండ్రులకి కనపడేలా బడి గోడకి అంటించి వచ్చింది. అందులో మొదటి పేరు ఈ సినిమాదే.

మర్నాడు ఆవిడ ఆసుపత్రిలో చేరాలి. గుండెలో కవాటం మార్చే ఆపరేషన్. సంతకం పెట్టించుకుంటూ డాక్టరు, "పదిమందిలో ఒకరికి కాస్త కష్టమవుతుంది" అన్నాడు. కాస్త కష్టం అంటే ఏమిటో ఈవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మొగుడు వేరే సంసారం పెట్టుకుని వెళ్లి మూడేళ్లయింది. ఉన్నది ముసలి తండ్రి, ఎనిమిదేళ్ల కూతురు పిట్ట. "వారం రోజుల్లో వచ్చేస్తాను" అని పిట్టకి చెప్పింది. పిట్ట నమ్మలేదు. రెండు రోజులుగా తల్లిని అంటిపెట్టుకుని తిరుగుతోంది, బాత్రూం తలుపు దగ్గర కూడా కాపలా కాస్తోంది.

అందుకే ఈ సినిమా. అందులో అమ్మ వెళ్తుంది, నానా కష్టాలూ పడుతుంది, చివరికి తిరిగొస్తుంది. వంద మాటలు చెప్పే బదులు ఒక సినిమా చూపిస్తే సరిపోతుందని టీచరమ్మ ఆలోచన.

"అదిప్పుడెందుకమ్మా," అన్నాడు తండ్రి వంటగది గుమ్మంలోంచి.

ఆయన ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపాడు. ఆ పని చేసేవాణ్ణి ఆపరేటరు అంటారు. హాలు మూసేసి ఎన్నాళ్లో అయింది గానీ ఆ పిలుపు మాత్రం పోలేదు. ఆ మధ్య పిట్ట, "తాతయ్య ఆపరేటరేగా, ఆపరేషన్ తాతయ్యతోనే చేయించుకోవచ్చుగా" అంటే ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నవ్వింది లేదు.

"ఎందుకేమిటి నాన్నా? నాకు ప్రాణం ఆ సినిమా. ప్రతి ఆదివారం నువ్వేగా చూపించేవాడివి."

"పాతది కదా. బొమ్మ సరిగ్గా కనపడదు."

"శుభ్రం చేసి కొత్తగా నెట్‌లో పెట్టారు. ఒక్క ముక్క కూడా పోకుండా మొత్తం దొరికిందట."

ఆపరేటరు చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టాడు. "మొత్తమా," అన్నాడు. "పోనీ ఇంకోటి పెట్టు. నవ్వుకునేది ఏదైనా."

"నవ్వించడానికి కాదు పెడుతున్నది."

"నువ్వైనా ముందు ఒకసారి చూసుకుని..."

"నాకు కంఠతా వచ్చు. రేపు కత్తి కిందికి వెళ్లేది నేను. ఇవాళ నా కూతురితో ఏం చూడాలో కూడా నీ చేత చెప్పించుకోవాలా? ఇష్టం లేకపోతే మేడ మీదికి వెళ్లి కూర్చో."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఒక్క ముక్క చాలు. కానీ ఆ మనిషికి నోట్లోంచి మాట ఊడిపడడం ఎప్పుడూ కష్టమే. పైకీ వెళ్లలేదు, కూర్చోనూ లేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

తెర మీద మంచు కొండలు, గొర్రెల మంద, చిన్న ఇల్లు. మందు తేవడానికి అమ్మ కొండ దాటి వెళ్లింది. కూతురు రోజూ సాయంత్రం కిటికీలో దీపం పెడుతోంది. పిట్ట తల్లి ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. "చూస్తూ ఉండు, వస్తుంది," అని టీచరమ్మ చెవిలో చెబుతూనే ఉంది. ఇంతలో తలుపు తెరుచుకుంది. జుట్టు నిండా మంచుతో అమ్మ లోపలికొచ్చి కూతుర్ని ఎత్తుకుంది. పిట్ట చప్పట్లు కొట్టింది.

టీచరమ్మకి మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఇది చివర్లో కదా రావాలి? ఇంకా అరగంట సినిమా ఉంది.

తెర మీది పిల్ల ఉలిక్కిపడి నిద్ర లేచింది. ఇంట్లో ఎవరూ లేరు. కల.

టీచరమ్మ రిమోట్ కోసం చెయ్యి చాపింది. అది పిట్ట చేతిలో ఉంది. "ఇలా ఇవ్వమ్మా," అంటే ఇవ్వలేదు. "ఉండు. ఇంకా ఉందిగా. వస్తుందని నువ్వేగా చెప్పావు," అని గుప్పిట బిగించింది. కొండ దిగి వచ్చిన మనుషులు అమ్మ చేతితొడుగులు గుమ్మంలో పెట్టి, తలలు దించుకుని నిలబడ్డారు. అమ్మ రాలేదు. పేర్లు పడ్డాయి, పాట అయిపోయింది, తెర నల్లగా అయింది.

"అబద్ధం చెప్పావు," అంది పిట్ట.

"లేదమ్మా, వస్తుంది. నేను చూశానుగా, ఒకసారి కాదు, వందసార్లు..." అంటూ టీచరమ్మ తండ్రి వైపు తిరిగింది. ఆయన చూపు తప్పించాడు.

"ఏం చేశావ్ నాన్నా?"

"ప్రింటు మా హాల్లోనే పడి ఉండేది. కల ముక్క కత్తిరించి చివర అతికించాను. పిల్ల నిద్ర లేచేదీ, చేతితొడుగులు తెచ్చేదీ తీసేశాను."

"ఎప్పుడు?"

"మీ అమ్మ చనిపోయిన వారం."

అప్పటికి టీచరమ్మకి ఆరేళ్లు. అమ్మ పెద్దాసుపత్రిలో ఉంది, నయమయ్యాక వస్తుంది అని చెప్పారు ఆవిడకి.

"మూడేళ్లు," అంది టీచరమ్మ. అరవలేదు, అరిచినా బాగుండేది. "మూడేళ్లు గేటు దగ్గర కూర్చున్నాను. మీ అమ్మ చచ్చిపోయిందటగా అని పక్క బెంచీ పిల్ల చెబితే దాన్ని నోట్లోంచి రక్తం వచ్చేలా కొట్టాను. ఇంటికొచ్చి నిన్ను అడిగితే ఏం చేశావో గుర్తుందా? సినిమాకి తీసుకెళ్లావు. ఇదే సినిమాకి."

"నువ్వు ఏడుస్తావని..."

"నేను ఏడుస్తాననా, నువ్వు చూడలేవనా? నీ అంత పిరికి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. రేపు నేను పోతే దీనికీ ఇదే చెబుతావు. అమ్మ ఊరెళ్లింది, వస్తుంది అని. నీకా నేను దీన్ని అప్పగించి వెళ్లేది? అంతకంటే ఏ అనాథాశ్రమంలోనో వదిలేయడం నయం. వాళ్లు నిజమైనా చెబుతారు."

ఆపరేటరు ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. "చెబుదామనే వచ్చానమ్మా," అన్నాడు. "ఆసుపత్రి నుంచి నేరుగా నీ దగ్గరికే వచ్చాను. నేను నోరు తెరిచేలోపు నువ్వు, అమ్మకి జ్వరం తగ్గిందా అన్నావు. తగ్గింది అన్నాను. ఒకసారి తగ్గింది అన్నాక ఇంక పోయిందని ఎలా చెప్పను?"

టీచరమ్మకి ఆ మాట అడిగినట్టే గుర్తులేదు. అయినా మనసు కరగలేదు. "బాగా చెప్పావ్. తప్పు నాదే అన్నమాట, అడిగినందుకు," అంది.

"నువ్వూ అంతేగా," అంది పిట్ట.

ఇద్దరూ పిల్ల వైపు చూశారు.

"వారంలో వచ్చేస్తానన్నావు. పదిమందిలో ఒకరు అని డాక్టరు చెప్పాడుగా. నేను తలుపు పక్కనే ఉన్నాను, అంతా విన్నాను. నువ్వు ఏడిస్తే చూడలేక తాతయ్య అబద్ధం చెప్పాడు. నువ్వూ అందుకే చెప్పావు."

టీచరమ్మ చెంప మీద ఎవరో కొట్టినట్టు కూర్చుండిపోయింది. తండ్రిని తిట్టిన ప్రతి మాటా వరసగా తనకీ తగులుతోంది. పిల్లని దగ్గరకి లాక్కుంది.

"రావాలనే వెళ్తున్నాను పిట్టా. వస్తాననే అనుకుంటున్నాను. రాకపోవచ్చు కూడా."

పిట్ట ఏడుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఏడవలేదు. "రాకపోతే నాకు జడలు ఎవరు వేస్తారు?" అంది.

"నేను వేస్తాను," అన్నాడు ఆపరేటరు.

"నీకు రాదుగా."

"రాదమ్మా," అని ఒప్పుకున్నాడు.

టీచరమ్మ లేచి వెళ్లి దువ్వెన తెచ్చింది. తండ్రిని సోఫాలో కూర్చోబెట్టి, పిట్టని ఆయన మోకాళ్ల ముందు కూర్చోబెట్టింది. "మూడు పాయలు తియ్యి. సమానంగా. అలా కాదు, ముందు పక్కది మధ్యలోకి తీసుకో," అని పక్కన నిలబడి చెప్పసాగింది. ఆయన పట్టుకున్న పాయ పట్టుకున్నట్టే జారిపోతోంది.

"నాకు ఒక్కసారైనా వేశావా?" అంది టీచరమ్మ. ఇంకా కోపం చల్లారలేదు. "పేలు పడతాయని జుట్టు కత్తిరించి పారేశావు. ఊళ్లో అందరూ మగపిల్లాడా అని అడిగేవాళ్లు."

"పేల కోసం కాదు," అన్నాడు ఆయన పాయల మీంచి చూపు తిప్పకుండా. "ఆసుపత్రికి వెళ్లే రోజు మీ అమ్మ నీకు రెండు జడలు వేసింది. వాటిని నువ్వు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అమ్మే వచ్చి విప్పుతుంది అన్నావు. నెల్లాళ్లు అలాగే ఉంచుకున్నావు. జుట్టు అట్టలు కట్టేసింది. నాకేమో విప్పడం చేతకాలేదు."

టీచరమ్మ సోఫా చెయ్యి పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. తండ్రి మోకాలికి తల ఆనించి ఏడ్చింది. ముప్పై ఏళ్ల కిందట ఏడవాల్సిన ఏడుపు అది. ఆయన చేతుల్లో పిట్ట జుట్టు ఉంది, వదిలితే ఊడిపోతుంది. అందుకని కూతురి తల నిమరలేక, వదిలెయ్యలేక, అలాగే పట్టుకుని తనూ ఏడుస్తున్నాడు.

"అమ్మా, తాతయ్య గట్టిగా లాగుతున్నాడు," అంది పిట్ట.

టీచరమ్మ అరచేత్తో మొహం తుడుచుకుని జడ వైపు చూసింది. వంకరగా, సగం పాయలు బయటికొచ్చి, చూడ్డానికి ఘోరంగా ఉంది.

"విప్పు నాన్నా," అంది. "మళ్లీ మొదటి నుంచి వెయ్యి."