స్పీకర్లో పడ్డ మాట

"నన్ను స్పీకర్లో పెట్టావు కదూ?"

"లేదే!"

"అబద్ధం! నా మాట నాకే తిరిగొచ్చింది."

నిజమే. కుట్టుమిషను ముందు కూర్చుని, ఇంటర్నెట్ కాల్‌లో ఆమె మొదటిసారి "నువ్వంటే నాకిష్టం" అంది. మరుక్షణం అదే మాట, ఆమె గొంతుతోనే, వెనక్కి వచ్చి చెవిలో పడింది. అవతలి ఫోన్ స్పీకర్లో ఉంటేనే అలా మోగుతుందని ఆమెకు తెలుసు. పైగా ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవరది?"

"మా వదిన..." నీళ్లు నమిలాడతను. "అమ్మ కూడా ఉంది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆప్రాన్లు కుట్టించుకోవడానికి వచ్చి, జేబులు చిన్నవయ్యాయని పోట్లాడి, ఆ పోట్లాటతోనే దగ్గరైన బేకరీ అబ్బాయి ఇతను. పక్క ఊళ్లో సొంత బేకరీ పెట్టుకున్నాక ఈ కాల్సే ఇద్దరికీ దిక్కు.

"చేతుల నిండా పిండి! ఫోన్ ఎలా పట్టుకోను?"

"నా కోసం చేతులు కడుక్కోలేవా? ఇన్నాళ్లూ గుండెల్లో దాచుకున్న మాటని తీసుకెళ్లి మీ పిండిబల్ల మీద పరుస్తావా?"

కట్ చేసింది. మోగింది. మళ్లీ కట్ చేసింది. మళ్లీ మోగింది.

పక్క మిషను దగ్గర నాన్న మెడలో టేపు సర్దుకున్నాడు. "ఎత్తు తల్లీ. ఈ మోతకి నా కుట్టు వంకర పోతోంది."

ఎత్తింది. స్పీకర్ నొక్కి, కత్తిరింపు బల్ల మీద పెట్టింది.

"చేతులు కడుక్కున్నాను. ఒక్కణ్ణే ఉన్నాను. నేను..." ఆగిపోయాడు. "అదేంటి, నా గొంతు నాకే వినిపిస్తోంది?"

"వినిపించనీ! ఎలా ఉంటుందో నీకూ తెలియాలిగా. ఇక్కడ నాన్న ఉన్నాడు, బొత్తాలు కుట్టే అత్తయ్య ఉంది. ఇప్పుడు చెప్పు చూద్దాం."

అతను ఫోన్ పెట్టేస్తే ఇక అంతే, ఈ జన్మలో మాట్లాడను అనుకుంది. అనుకుంటూనే ఫోన్ వైపు వంగింది.

"మామయ్యగారూ, నమస్కారం."

"అప్పుడే మామయ్యనా!" అన్నాడు నాన్న.

"మీ అమ్మాయంటే నాకు ప్రాణం. తప్పు చేశాను, మీ అందరి ముందే ఒప్పుకుంటున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటుందా?"

అత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది.

"ఏమే, వింటున్నావా? నేనడిగింది నాకే తిరిగొస్తోంది. జవాబు మాత్రం రావడం లేదు."

ఆమె స్పీకర్ ఆపేసింది. ఫోన్ చెవికి ఆనించుకుని, గోడవైపు తిరిగి, ఏదో అంది.

"ఏమన్నావే?" అత్తయ్య ఆత్రంగా అడిగింది.

"అది మీకు చెప్పింది కాదు!"

ఈసారి ఆమె మాట వెనక్కి రాలేదు. అతని చెవి దగ్గరే ఆగిపోయింది.